కొల్లేటి సీమకు ఒంటె ఏల రాలేదు?

మన భాషలో ఒంటెకు పేర్లు కొదువ లేవు. ఉష్ట్రము, క్రమేళకము అనునవి సంస్కృతమునుండి వచ్చినవి. లొట్టిపిట అనునది మన పూర్వుల మాట. ఒంటె పెండ్లిలో గాడిద పాట పాడిన పరిహాసమును బడిలో వినని వారు అరుదు. హంపిలోని మహర్నవమి దిబ్బ రాళ్లపై ఏనుగులు, గుఱ్ఱములతోపాటు ఒంటెలును చెక్కబడియున్నవి. పేరుచేతను, కథచేతను, శిల్పముచేతను మనకు ఇంత పరిచితమైన ఈ జంతువు ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల ప్రాంతమున మాత్రము రైతు గాటను నిలువలేదు. అప్పుడప్పుడు వచ్చినది, వీథిలో పిల్లలను వెంట త్రిప్పుకొన్నది, తన దారిని తాను వెడలిపోయినది.

ఎడారి జంతువు ఎండకు తాళునని అందరును ఎరుగుదురు. ఏలూరి ఎండ సంగతి ఏలూరివారికి వేరుగ చెప్పనక్కర లేదు. రోహిణీ కార్తెలో మిట్టమధ్యాహ్నము వీథిలో కుక్క సైతము కానరాదు. ఎండయే ఒంటెకు కావలసిన వసతియైనచో ఆ వసతికి ఇచ్చట లోపము లేదు. మరి ఏల రాలేదు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచు పోగా ఒంటె చరిత్ర కాస్తయు మన గేదె చరిత్రగా మారుటను మేము గమనించితిమి. అందుచేత ఈ ప్రసంగమును పాడిగల యిండ్లవారు కొంచెము చెవియొగ్గి వినవలెనని కోరుచున్నాము.

ఒంటెలు ఈ నేలను త్రొక్కనే లేదని మా భావము కాదు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైన పిమ్మట ఏలూరు సర్కారు మొగలాయిల యేలుబడిలోనికి, తరువాత నిజాముల చేతిలోనికి పోయెను. 1753లో సలాబతుజంగు ముస్తఫానగరము, ఏలూరు, రాజమహేంద్రవరము, చికాకోలు సర్కారులను ఫ్రెంచి సేనాని బుస్సీకి, అతని సైన్యపు ఖర్చుల నిమిత్తము, వదలివేసెను. ఆ కాలమున దక్కను సేనలు కదలినప్పుడు డేరాలను, వంటసామానును, మందుగుండును మోయుటకు ఒంటెలు వెంట నడచుట పరిపాటి. ఒంటె మూపున చిన్న ఫిరంగిని బిగించి, దానిని కూర్చుండబెట్టి, పేల్చుటయు ఉండెను. జాబులు కొనిపోవు ఒంటెరౌతులును ఉండిరి.

అయితే ఆ సేనలు ఎప్పుడు కదలెడివో గమనింపవలెను. దసరాకు వానలు వెనుకబట్టిన పిదప బయలుదేరుదురు. తొలకరికి ముందే ఛావణీలకు మరలుదురు. 1758 డిసెంబరులో చందుర్తి యొద్ద ఫ్రెంచివారిని ఓడించిన కల్నల్ ఫోర్డు 1759 ఫిబ్రవరిలో ఏలూరు చేరి, మార్చిలో మచిలీపట్టణము ముందు దిగెను. ఏప్రిలు 7వ తేది రాత్రి కోటపై జరిగిన దాడిలో ఒక దళము బురదనేలను దాటి పోవలసివచ్చెను. కోటగోడ ఎంత రక్షణయో, చుట్టునున్న చిత్తడియు అంత రక్షణయని లోపలివారు నమ్మియుండిరి. అది నడివేసవికి ముందు మాట. అప్పుడే మనుష్యులు దిగబడిన నేలలో ఆషాఢ శ్రావణములందు బరువు మోయు ఒంటెను నడిపించుట ఎట్టిదో శ్రోతలే ఊహించుకొనగలరు.

వర్తకుల సంగతియు ఇట్లే. పదునేడవ శతాబ్దమున గోలకొండనుండి మచిలీపట్టణము వరకు ప్రయాణము చేసిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, మన దేశపు బిడారులు ఎద్దులపైనను బండ్లపైనను సాగునని వ్రాసెను. పర్షియా దారులలో ఒంటెల బిడారులతో నడచి వచ్చినవాడగుటచే ఆ భేదము అతని కంటికి వెంటనే తగిలెను. తీరమునందలి ఉప్పును దక్కను పీఠభూమికి చేర్చినవి లంబాడీల ఎద్దులే. మరియొక చిన్న ముచ్చట. ఏలూరి తివాచీల నేత పర్షియానుండి వచ్చిన నేతగాండ్రతో ఆరంభమైనదని పరంపరగా చెప్పుదురు. ఆ దేశపు మగ్గము తమ్మిలేటి యొడ్డున పాతుకొనెను. ఆ దేశపు బిడారు జంతువు మాత్రము పాతుకొనలేదు.

1847లో ఆరంభించిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 నాటికి, బెజవాడ ఆనకట్ట 1855 నాటికి ముగిసినవి. రెండు నదుల కాలువలును ఏలూరిలో కలిసెను. గోదావరి నీటిపైని పడవ కృష్ణ నీటిపైకి పోవుటకు దారి ఏర్పడెను. ఒక ఒంటె దూరప్రయాణమున మోయు బరువు సుమారు 150 నుండి 200 కిలోలు. కాలువగట్టున తాడు పట్టి నడచు ఇద్దరు మనుష్యులు లాగుకొనిపోవు ధాన్యపు పడవకు ఎన్ని ఒంటెలు సరి యగునో లెక్క వేసినచో నవ్వు వచ్చును. కావున అక్కర లేకనే ఒంటె రాలేదని అనువారుండవచ్చును. ఆ మాటలో సగమే నిజమని మేమందుము. అక్కర గల సేనలు తెచ్చినప్పుడును, కాలువలు లేని శతాబ్దములందును, అది ఇచ్చట నిలువలేదు. మిగిలిన సగము నిజము ఒంటె దేహమునందు వెదకవలెను.

ఒంటె ఎండను ఎట్లు తాళునో 1950 తరువాతి యేండ్లలో క్నూట్ ష్మిట్-నీల్సన్ అను శాస్త్రజ్ఞుడు సహారా యెడారిలో పరిశీలించెను. దప్పిగొన్న ఒంటె శరీరోష్ణము తెల్లవారుజామున 34 డిగ్రీల సెంటిగ్రేడు వరకు దిగి, సాయంకాలమునకు 40 డిగ్రీలు దాటునని కనుగొనెను. మనుష్యునికైనచో అది వైద్యుని కొరకు పరుగెత్తవలసిన జ్వరము. ఒంటె పగటి వేడిని చెమటరూపమున నీరు ఖర్చుపెట్టి వెడలగొట్టదు. దేహములోనే దాచుకొని, రాత్రి చల్లగాలికి వదలివేయును. ఎడారిలో పగలు ఎంత వేడియో రాత్రి అంత చలి. కొల్లేటి గట్టున వైశాఖపు రాత్రి అట్లుండునా? గాలి స్తంభించును, పరచిన చాప చెమటతో తడియును. పగలెల్ల దాచిన వేడిని ఒంటె ఇచ్చట ఎవరికి అప్పగించును? పోనీ, చెమట పోయుదమన్నను తడిగాలిలో చెమట ఆరదు. ఎండకు తాళునన్న కీర్తి నిజానికి పొడిగాలికిని చల్లని రాత్రికిని చెందవలసిన కీర్తి.

ఇక పాదము. ఒంటెకు గేదె గిట్ట వంటి గట్టి గిట్ట లేదు. మెత్తని వెడల్పైన దిండు వంటి అరికాలు కలదు. ఇసుకలో అది దిగబడదు. బంకమట్టి తడిసినచో ఆ దిండు జారును. వెనుకకాళ్లు చెరియొక ప్రక్కకు చీలిపోయి, తొడల కండరములు తెగి, ఒంటె కూలబడును. అట్లు పడిన ఒంటెలలో మరల లేచి బరువు మోయునవి కొద్ది. ఎప్పుడును తడియారని నేలపై కట్టివేసినచో అరికాలు నాని, పుండ్లు పడును. కొల్లేటి లంకలలో వానకాలమున మనుష్యులే వ్రేళ్లసందుల ఒరుపుతో బాధపడుట చూచుచున్నాము గదా!

మేత మాటయు అట్టిదే. తుమ్మ, జమ్మి, వేప వంటి చెట్ల కొమ్మలను, ముండ్లపొదలను తల యెత్తి కొరుకుట దాని స్వభావము. వరిగడ్డి దానికి తగిన గ్రాసము కాదు. ఇతర పశువులకంటె ఉప్పు మిక్కిలి హెచ్చుగ కావలెను. ఎడారి పొదలలో అది సహజముగ దొరకును. ఉప్పు చాలనిచో చర్మము పుండ్లు పడునని ఒంటెల వైద్యులు చెప్పుదురు. ఒంటెకు అన్నిట పట్టెడు గజ్జి మఱొకటి. కంటికి కానరాని పురుగులు చర్మము క్రింద సొరంగములు త్రవ్వి, వెండ్రుకలు రాల్చి, చర్మమును ముడుతలు దేర్చును. పచ్చిక బీళ్లలో నత్తల మూలమున వచ్చు కార్జపు జలగయు దానిని విడువదు. ఆ జలగ మన గేదెలకు పాతచుట్టమే.

ఇవి ఒంటెను బాధించునవి. దానిని మందలు మందలుగ చంపినది వేరొకటి కలదు. దాని పేరు సర్రా.

ఆ పేరు పెట్టినవారు వైద్యులు కారు. సింధునదీ ప్రాంతమున గుఱ్ఱములను, ఒంటెలను పెంచుకొన్నవారి నోటిమాట అది. గుఱ్ఱమైనచో కొద్ది వారములలో చచ్చును. ఒంటె అట్లు త్వరపడదు. జ్వరము వచ్చును, పోవును, మరల వచ్చును. మూపురము కరగును. ప్రక్కటెముకలు తేలును. చూలుతోనున్నది ఈచుకొనిపోవును. మేయుచునే, నడచుచునే ఎముకలగూడై ఒకనాడు పడిపోవును. కొన్ని ఒంటెలు మూడేండ్లు ఈ దశలో జీవించుటచే దానికి తిబర్సా అని, అనగా మూడేండ్లదని, మరియొక పేరు కలిగెను. వానలు కురిసి నదీతీరములు పచ్చబడి, జోరీగలు లేచు కాలమున ఈ జబ్బు వచ్చునని ఒంటెలవారు తరతరములుగ ఎరుగుదురు. వానకాలమున మందలను నీటిపట్టులనుండి దూరముగ, పొడినేలలకు తోలుకొనిపోవుట వారి ఆచారము. శాస్త్రము పుట్టకముందే పుట్టిన జాగ్రత్త అది.

శాస్త్రము 1880లో వచ్చెను. గ్రిఫిత్ ఎవాన్సు వేల్సు దేశీయుడు. పశువైద్యమును, మనుష్యవైద్యమును రెండింటిని చదివినవాడు. సైన్యపు పశువైద్యుడుగా ఉండగా, సర్రా కారణము కనుగొనుటకై అతనిని డేరా ఇస్మాయిల్ ఖానునకు పంపిరి. జబ్బుపడిన గుఱ్ఱముల నెత్తురును, ఒంటెల నెత్తురును సూక్ష్మదర్శినిక్రింద పెట్టి చూడగా, ఎఱ్ఱకణముల నడుమ పాము పిల్లవలె మెలికలు తిరుగు సూక్ష్మజీవి అతనికి కనబడెను. ఆ నెత్తురును ఆరోగ్యముగల జంతువులకు ఎక్కించి, వానికిని అదే జబ్బు వచ్చుట చూచెను. ఈ జీవియే వ్యాధికి కారణమని తన నివేదికలో వ్రాసెను.

పెద్దలు నమ్మలేదు. అట్టి జీవులను కలకత్తాలో ఆరోగ్యముగల ఎలుకల నెత్తురులో అంతకుముందే చూచియుండిరి. ఎలుకలకు వానివలన ఏ హానియు కానరాలేదు. కావున గుఱ్ఱములో నున్నదియు నిరపాయమైనదే యగునని తర్కించిరి. తర్కము బాగుగనే ఉన్నది. గుఱ్ఱములు మాత్రము చచ్చుచునే ఉండెను. 1885లో బర్మాలో కంచరగాడిదల నెత్తురునందు స్టీలు అను పశువైద్యుడు ఆ జీవినే చూచి, దానికి ఎవాన్సు పేరు తగిలించెను. ఈ స్టీలే మరుసటి యేట బొంబాయి పశువైద్య కళాశాలకు మొదటి ప్రధానాచార్యుడయ్యెను. బర్మా వానల దేశమని, అచ్చట చచ్చినవి బయటినుండి తెచ్చిన సైనిక జంతువులని గుర్తుంచుకొనవలెను. 1901లో లియొనార్డ్ రోజర్సు జోరీగలు ఈ వ్యాధిని మోయునని ప్రయోగము చేసి చూపెను. ఎవాన్సు నూరేండ్లు జీవించి 1935లో మరణించెను. తన మాట నిజమగుట కన్నులార చూచెను. పశువులకు ప్రాణాంతకమైన ట్రిపనోసోము జాతి జీవిని మొట్టమొదట పట్టుకొన్నది అతడే. ఆఫ్రికాలోని నిద్రావ్యాధిని తెచ్చునది ఈ జాతిదే. ఆ కథకు మొదటి యధ్యాయము మన యుపఖండపు ఒంటెల నెత్తురులో వ్రాయబడినది.

సైన్యమునకు ఈ చింత ఏల పట్టెనో చెప్పవలెను. 1878 నుండి 1880 వరకు జరిగిన రెండవ ఆఫ్గను యుద్ధమున ఒంటెలు పదుల వేలుగ చచ్చినవి. ఆకలిచేత, చలిచేత, మితిమీరిన బరువుచేత చచ్చినవే ఎక్కువ. ఒంటె లేనిదే తుపాకిమందు కదలదని సర్కారు అప్పుడు గ్రహించెను. తరువాతి కాలమున పంజాబులోని సోహావా యొద్ద ఒంటెల వ్యాధులకై నిపుణులను నియమించిరి. వారిలో ఆర్నాల్డ్ లీస్ ఒకడు. 1927లో అతడు ప్రచురించిన ఒంటూపురపు ఒంటెను గూర్చిన గ్రంథము పశువైద్యులకు చిరకాలము ప్రమాణమయ్యెను. ఇతడే ఇంగ్లండునకు మరలి, యూదులపై విషము గ్రక్కు రాజకీయములలో దిగి, 1936లో జైలుకు పోయెను. మూగజీవి నెత్తురులో పురుగును అంత ఓర్పుతో వెదకినవాడు మనుష్యుని యెడల అట్లు ప్రవర్తించుట మాకు వింతగ తోచుచున్నది.

జోరీగ ఈ వ్యాధిని మోయు రీతి చిత్రమైనది. దోమ కడుపులో చలిజ్వరపు క్రిమి పెరిగినట్లు జోరీగ కడుపులో సర్రా జీవి పెరుగదు. జోరీగ కాటు నొప్పికి పశువు తోక విసరును, తల విదిలించును. సగము త్రాగిన ఈగ లేచి ప్రక్కపశువుపై వ్రాలును. దాని మూతికంటిన నెత్తురు ఆరులోగా రెండవ కాటు పడినచో వ్యాధి అంటెను. నిమిషముల వ్యవహారము. మురికిసూదితో పొడిచినట్లే. కావున సర్రాకు కావలసినవి మూడే: నెత్తురులో జీవిని దాచుకొన్న ఒక పశువు, ప్రక్కన మరియొక పశువు, నడుమ తిరుగు ఈగలు.

ఈ జీవి పుట్టుక ఆఫ్రికాలోనిది. అచ్చట ట్సెట్సీ యను ఈగలో పెరుగు జాతినుండి ఇది చీలినదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఎడారి బిడారుల ఒంటెలు దక్షిణమున తడినేలల అంచులకు పోయి, ఆ ఈగచేత కుట్టించుకొని, జీవిని నెత్తురులో మోసికొని ఉత్తరమునకు వచ్చినవని సెసిల్ హోర్ అను పండితుడు ఊహించెను. ట్సెట్సీ లేని దేశములలో ఆ జీవి ఏ కుట్టెడు ఈగ మూతిపైనైనను స్వారి చేయ నేర్చెను. అట్లు మార్పు చెంది అరేబియా, పర్షియాల మీదుగ మన దేశమునకు వచ్చెను. ఒంటె తడినేలకు ఒకమారు పోయి తెచ్చుకొన్న శాపము దానిని ప్రపంచములోని తడినేలలన్నిటియొద్దను కాచుకొనియున్నది.

సముద్రము దాటుటకు దానికి ఒంటె అక్కర లేకపోయెను. 1901 ప్రాంతమున భారతదేశమునుండి దిగుమతియైన పశువులతో సర్రా మారిషసు ద్వీపమునకు చేరెను. చెఱకుతోటలలో బండ్లు లాగు ఎద్దులు, కంచరగాడిదలు, గుఱ్ఱములు కూలిపోయెను. చెఱకు పొలములోనే నిలిచెను. సర్కారు అప్పులిచ్చి తోటలలో చిన్న ఇనుపదారులు వేయించవలసివచ్చెను. ఆ తోటలలో చెఱకు నరికినవారిలో మన తెలుగువారును ఉండిరి. కోరంగి రేవునుండి ఓడలెక్కినవారగుటచే ఆ ద్వీపమున వారికి కోరంగీలను పేరు వచ్చినది. ఇంటియొద్ద ఎవరును పేరుపెట్టి పిలువని జబ్బు పరదేశములో వారి కండ్లయెదుట ఒక ద్వీపపు బండ్లనన్నిటిని ఆపివేసెను.

ఇంటియొద్ద దానికి పేరు లేకపోవుటకు కారణము గేదె.

గేదెకును ఎద్దునకును సర్రా అంటినప్పుడు తరచుగ బయటికేమియు కానరాదు. రెండు దినములు జ్వరము, కొంత నీరసము, పాలు ఒక చెంబు తగ్గుట, అంతటితో సర్దుకొన్నట్లుండును. జీవి మాత్రము నెత్తురులో నెలల తరబడి నిలిచియుండును. గుఱ్ఱమును వారములలో, ఒంటెను ఏండ్లలో చంపునది గేదెలో కాపురముండును. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిపోయు నీటితో నిండి ఉప్పుటేటిద్వార సముద్రమునకు వెడలు కొల్లేరు చుట్టును గేదెలు, నీరు, జోరీగలు మూడును సమృద్ధిగ నున్నవి. ఇట్టి తావునకు పొడిదేశపు ఒంటెను తెచ్చి నాలుగు వానకాలములు కట్టివేయుట యనగా, చుట్టును నిప్పున్న గడ్డివామిని కట్టుటయే. బుస్సీ కాలపు ఒంటెల నెత్తురును సూక్ష్మదర్శినితో చూచినవారు లేరు. అప్పటికి ఆ విద్య లేదు. అయినను ఈ సీమలో ఒంటె నిలువకుండుటకు వేడిని వదలనీయని రాత్రి, జారు నేల, జోరీగ అను మూడింటిలో చివరిదే ముఖ్యమని మా నిశ్చయము. మొదటి రెండింటికి మనుష్యుడు ఏదో ఉపాయము చేసియుండును. మూడవది మోసితెచ్చు జబ్బుకు మూలమేదో 1880 వరకు ఎవరికిని తెలియదు.

గేదె ఎండవేళ మెడవరకు నీటిలో దిగి బురద పూసికొని కూర్చుండుటను సోమరితనమని కొందరు నవ్వుదురు. ఆ బురద దానికి జోరీగనుండి కవచము. ఒంటెకు ఆ విద్య రాదు.

అట్లని గేదెకు సర్రా ఎల్లప్పుడు నిరపాయమని అనుకొనరాదు. పొరుగూరు మార్పుచేతనో, ప్రయాణపు బడలికచేతనో, ఈనిన నీరసముచేతనో పశువు బలహీనపడినప్పుడు దాగియున్నది లేచును. తీవ్రజ్వరము, కండ్లవెంట నీరు, ఒకే వైపునకు గుండ్రముగ తిరుగుట, తలను గోడకు నొక్కుట, వణకుట, కొన్నిమారులు గంటలలో మరణము సంభవించును. చూలుగేదెలు ఈచుకొనిపోవును. గుండ్రముగ తిరుగు గేదెను చూచి గాలి సోకినదని తాయెత్తు కట్టువారు పల్లెలలో లేకపోలేదు. హర్యానానుండి ముర్రా గేదెలను దూరపు లారీప్రయాణముచేసి తెచ్చుకొను రైతులు ఈ సంగతి ముఖ్యముగ ఎరుగవలెను. అవి రెండువిధముల అపాయములోనున్నవి: తమతో జీవిని తెచ్చుకొనియుండవచ్చును, లేక ఇచ్చటి జీవికి కొత్తగ చిక్కవచ్చును.

పొరుగున ఒడిశాలో, భువనేశ్వరము చెంతనున్న నందనకానన జంతుప్రదర్శనశాలలో 2000వ సంవత్సరమున పదికి పైగా పులులు ఈ వ్యాధిచే మరణించెను. మనుష్యునికి ఇది అంటదని చాలకాలము నమ్మిరి. మన నెత్తురునందు ఈ జీవిని కరగించు ఒక మాంసకృత్తు ఉన్నది. 2004లో మహారాష్ట్రమునందలి చంద్రపూరు జిల్లాలో, అనగా మన ఆసిఫాబాదు అడవులకు ఆవలిప్రక్కను, ఒక పశువుల రైతు నెలల తరబడి విడిచి విడిచి వచ్చు జ్వరముతో బాధపడగా, అతని నెత్తురులో సర్రా జీవి కనబడెను. పరిశీలింపగా పుట్టుకతోనే ఆ మాంసకృత్తు అతనిలో లేదని తేలినది. సురామిన్ అను మందుచే అతడు కోలుకొనెను. ఆ గ్రామమున ఇతరుల నెత్తురును పరీక్షింపగా ఎవరియందును ఆ జీవి కానరాలేదు. కావున మనుష్యులు భయపడవలసిన పని లేదు. అట్టి లోపము అత్యంతము అరుదు.

ఒంటెలు నేటికిని వచ్చుచున్నవి. పండుగదినములలో, జాతరలలో, సముద్రతీరములలో పిల్లలను ఎక్కించుకొని తిరుగునవి కలవు. వీని పుట్టినిల్లు రాజస్థానము. అచ్చట 2014లో ఒంటెను రాష్ట్రజంతువుగా ప్రకటించి, 2015లో వధను నిషేధించి ఎగుమతిని కట్టడిచేయు శాసనము చేసిరి. అయినను 2019 పశుగణనలో దేశమంతటను తేలిన ఒంటెలు సుమారు 2.5 లక్షలు మాత్రమే. 2012లో సుమారు 4 లక్షలుండెను. ఈ క్షీణతకు కారణములు ట్రాక్టరు, తగ్గిపోయిన బీళ్లు మొదలగునవి. బికనీరులో 1984నుండి ఒంటెలకై జాతీయ పరిశోధనకేంద్రము పనిచేయుచున్నది. తడిదేశములకు వలసవచ్చిన ఒంటెను ఆ కేంద్రపు విద్య అంతయు కాపాడలేదు. దానిని నడిపించు పేదవానికి తరచుగ ఆ కేంద్రము పేరైనను తెలియదు.

తాడేపల్లిగూడెపు వీథిలోనో, ఏలూరి జాతరలోనో ఒంటె జబ్బుపడినప్పుడు ఒక ప్రమాదమున్నది. గేదెలకు, ఎద్దులకు సర్రా వచ్చినచో డిమినజీన్ అను మందును ఎక్కువగ వాడుదురు. ఒంటె దానిని సహింపదు. మోతాదు కొంచెము మించినను ప్రాణము మీదికి వచ్చును. ఒంటెకు సురామిన్, క్వినాపిరమిన్, మెలార్సోమిన్ వంటి మందులు వేరుగ కలవు. పశువుల ఆసుపత్రికి పోవునప్పుడు ఒంటె వచ్చిన దేశమును, ఏ కాలమునుండి ఇచ్చట ఉన్నదియు చెప్పినచో వైద్యునికి ఎంతయో సాయము. గన్నవరములో 1998నుండి పశువైద్య కళాశాల ఉన్నది. కొల్లేటివారికి అది దూరము కాదు.

పాడి యిండ్లవారికి రెండు మాటలు. సర్రా జీవి జ్వరము హెచ్చుగనున్న వేళ తీసిన నెత్తురులోనే సూక్ష్మదర్శినికి సులభముగ చిక్కును. జ్వరము తగ్గిన దినములలో దాగును. కావున గేదె ఒళ్లు కాలుచున్నప్పుడే వైద్యుని పిలిపింపవలెను, తగ్గినదని సంతోషించి ఊరకుండరాదు. కొత్తగ కొన్న పశువును పాత మందలో కలుపుటకు ముందు నెత్తురు పరీక్ష చేయించుట మేలు. వీథిలో ఒంటె నిలిచినప్పుడు పిల్లలను ఎక్కింపవచ్చును. దానిని మాత్రము గేదెల పాక ప్రక్కను కట్టనీయరాదు.  తగినంత యెడము ఉంచినచో ఒంటెకు మన గేదెనుండియు, మన గేదెకు ఒంటెనుండియు ముప్పు చాలవరకు తప్పును.